ఎంత సంపాదిస్తే ధనవంతులం?

దానం గురించి మాట్లాడుకున్నప్పుడల్లా ఒక ప్రశ్న వస్తుంది. "దానం ఉన్నవాళ్ళ ధర్మం కదా, మరి మేం ఉన్నవాళ్ళమా?" అని. నిజం చెప్పాలంటే ఇది తేలికైన ప్రశ్న కాదు.

2018లో అమెరికా ప్రభుత్వ గృహనిర్మాణ శాఖ ఒక లెక్క ఇచ్చింది. శాన్‌ఫ్రాన్సిస్కోలో నలుగురున్న కుటుంబానికి ఏడాదికి 1,17,400 డాలర్ల లోపు వస్తే, అది తక్కువ ఆదాయం ఉన్న కుటుంబమేనట. అప్పటి మారకంలో దాదాపు 80 లక్షల రూపాయలు! మన గోదావరి పల్లెల్లో ఈ మాట చెబితే నవ్వుతారు. కానీ ఇంటి అద్దె, డేకేర్ ఫీజు కట్టాక చేతిలో ఎంత మిగులుతుందో అక్కడున్న మన పిల్లలకు బాగా తెలుసు. కాబట్టి జీతం అంకె చూసి ఎవరినీ ధనవంతుడు అనలేం.

మహాభారతంలో "సుఖంగా ఉండేవాడెవడు?" అని యక్షుడు అడిగితే, ధర్మరాజు అంకె చెప్పలేదు. అప్పు లేనివాడు, పరాయి చోట బతకాల్సిన పని లేనివాడు, పొద్దు వాలాకైనా తన ఇంట్లో ఇంత కూర వండుకు తినేవాడు అన్నాడు. ఆ కొలతలో చూస్తే 80 లక్షలు వచ్చినా వెలితే ఉండొచ్చు.

అయితే ఇక్కడే జాగ్రత్తగా ఉండాలి. "మా ఊళ్ళో ఖర్చులెక్కువండీ" అన్నది నిజమే, కానీ అదే సాకు కూడా కావచ్చు. భాగవతం ఏడో స్కంధంలో నారదుడు ఇదే ధర్మరాజుకు గట్టి మాట చెప్పాడు. కడుపు నిండేంత వరకే మనిషికి హక్కు, అంతకు మించి నాదనుకునేవాడు దొంగ అని. కడుపు ఏ ఊళ్ళోనైనా అంతే ఉంటుంది. దాన్ని నింపే ఖర్చే ఊరిని బట్టి మారుతుంది.

అందుకే నేను చెప్పేది ఒక్కటే. ఈ నెల ఖర్చులు రెండు వరసల్లో రాయండి. అద్దె, బియ్యం, మందులు, పిల్లల చదువు ఒక వరస. ఇవి ఊరు మన మీద వేసినవి. పక్కింటివాళ్ళు కొన్నారని మనమూ కొన్నవి రెండో వరస. ఇవి మనకు మనమే వేసుకున్నవి. మొదటి వరసతోనే జీతం అయిపోతే, దానం చెయ్యలేకపోతున్నామని బాధపడకండి. భగవంతుడికి మీ అద్దె ఎంతో తెలుసు. రెండో వరస పొడుగ్గా ఉంటే మాత్రం, మీరు ఉన్నవాళ్ళే. ఎంత ఇవ్వాలో ఆ వరసే చెబుతుంది.

శుభం.