గొడ్డలి ఎవరి చేతిలో, యాస ఎవరి నోట్లో

మా మామ కరీంనగర్‌లో ఒక టాకీసులో ఇరవై ఏళ్లు ప్రొజెక్టర్ నడిపాడు. నేనిప్పుడు ఒక యాక్షన్ సినిమాకు స్క్రిప్టు రాస్తున్నాను. మొన్న పండక్కి పోయినప్పుడు మాట 'ప్రతిఘటన' మీదికి మళ్లింది. మేమిద్దరం మాట్లాడుకున్నది మాట్లాడుకున్నట్టే రాస్తున్నాను.

"1985ల గా సినిమాకు ఆడోళ్లు ఎట్ల వచ్చిండ్రో నువ్వు చూడలే బిడ్డా. ఝాన్సీ గొడ్డలి ఎత్తంగనే హాలంత లేచి నిలబడ్డది."

"టీవీల చూసిన మామా. నడిబజార్ల తన బట్టలూడదీసినోణ్ని ఆఖరుకు ఆమెనే నరుకుతది. ఆడామె కోపానికి డైరెక్టర్ టి. కృష్ణ గంత జాగ ఇచ్చిండు. ఝాన్సీగ విజయశాంతి ఆ కోపాన్ని నిలబెట్టింది. గని అదే సినిమాల కోట శ్రీనివాసరావు ఏసిన విలన్ కాసయ్య మాట్లాడింది ఎవ్వల భాష?"

"మనదే."

"లెక్చరర్ ఝాన్సీకి పుస్తకాల తెలుగు, ఆ దుర్మార్గునికి మన తెలుగు."

మామ కాసేపు ఊరుకున్నాడు. "కంకిపాడాయన కోట మన యాస గంత మంచిగ పలికిండని నాకైతే సంబురమే అయింది. అంతకుముందు తెరమీద మన మాట ఇనబడ్డదే తక్కువ."

"సంబురాన్ని కాదంటలేను. గని యాక్షన్ సినిమాల హీరో కొడితే న్యాయం, విలన్ కొడితే దౌర్జన్యం. దెబ్బ ఒక్కటే గద! ఆ కోపం మనదనుకుంటమా లేదా, తేడా అంత ఆడనే ఉన్నది. మన యాసల వచ్చిన కోపాన్ని ఏండ్లకేండ్లు ఎవ్వలూ తమదనుకోలే. కాలేజీల ఓసారి నిజంగ మండి మాట్లాడిన మామా. క్లాసంత నవ్వింది. వాళ్లకు అది సినిమాల కామెడీ లెక్క ఇనబడ్డది."

ఈ మాట చెప్పేటప్పుడు ఇప్పటికీ నా గొంతు వణుకుతుంది. మామ నా చెయ్యి పట్టుకున్నాడు.

"మరి 'ఒసేయ్ రాములమ్మా'?"

"అందుకే నాకది పానం. 1997ల డైరెక్టర్ దాసరి అదే విజయశాంతిని మన ఊర్ల నిలబెట్టిండు. మన మాటల తిరగబడ్డది. 2023ల 'దసరా'ల నాని సుత గంతే. సింగరేణి బొగ్గు మసి, మన యాస, హీరో."

"హీరో అయిండు, మంచిదే. ఆఖర్ల కత్తి పట్టి ఎంతమందిని నరికిండు?"

"లెక్క పెట్టలే."

"ఎవ్వలూ పెట్టరు. రీలు తెగితే అతికేటప్పుడు లైటుకు పట్టి చూస్తుంటి. ఏ సినిమా అయినా పడిపోయేటోళ్ల మొకాలు ఆడ్నే ఆగి కనబడేటియి. నోరు తెరిచి ఉంటరు. ఏమంటున్నరో తెల్వది. హీరో మనోడైండని నువ్వు ఖుషీ అయితున్నవ్. పడ్డోడు ఏ ఊరోడు? వాని యాస ఏంది?"

"ముందు మన కోపం మనకు రానియ్ మామా. పడ్డోని సంగతి తర్వాత."

"తర్వాత ఎప్పుడు?"

నేను ఒప్పుకోలేదు. ఇప్పటికీ పూర్తిగా ఒప్పుకోను. పరువుగా కోపగించుకోవడం కూడా దొరకని జనానికి ముందు అదే కావాలి. కానీ తిరుగు బస్సులో స్క్రిప్టు తీశాను. సంత ఫైటులో పద్నాలుగు మంది ఉన్నారు. రౌడీ 1, రౌడీ 2, అట్లా పద్నాలుగు దాకా అంకెలే వేసి ఉన్నాను. మూడోవాడు కూరగాయల బండి మీద పడతాడు. అక్కడ ఒక డైలాగుకు చోటు పెట్టాను. వాడు ఎవరిని పిలుస్తాడో, 'అమ్మా' అంటాడో 'అవ్వా' అంటాడో ఇంకా రాయలేదు.