ఏలీయాకు దేవుడిచ్చిన నిద్ర



రాజుల మొదటి గ్రంథం 19వ అధ్యాయం ఈ వారం ఇంట్లో ఒకసారి తీసి చదవండి. యెసెబెలు రాణి చంపిస్తానని కబురు పంపగా ఏలీయా ప్రవక్త ఎడారిలోకి పారిపోయాడు. ఓ చెట్టు కింద కూలబడి, ఇక చాలు, నా ప్రాణం తీసుకో ప్రభూ అని మొరపెట్టుకొన్నాడు. నీకు విశ్వాసం తగ్గిందని దేవుడు మందలించలేదు. ప్రవక్త నిద్రపోయాడు. దూత తట్టి లేపి రొట్టె, నీళ్ళు ఇచ్చాడు. తిని మళ్ళీ పడుకొన్నాడు. రెండవసారి తిన్న తరువాతనే హోరేబు కొండకు నలభై రోజుల నడక. దేవుని మెల్లని స్వరం ఆ తరువాతి సంగతి.

ఆ స్వరం గురించి ఎన్ని ప్రసంగాలు చేశానో! ఆ నిద్ర గురించి మాత్రం ఎన్నడూ ఆలోచించలేదు. ఆలోచింపజేసింది మన విచారణలోని ఓ నర్సమ్మ. సిగ్గుతోనే చెబుతున్నాను.

గృహ సందర్శనకు వెళ్ళి, పగలు పదకొండు గంటలకు వాళ్ళ బెల్ కొట్టాను. ఎర్రబడిన కళ్ళతో తలుపు తీసి, టీ పెట్టి ఇచ్చింది. "రెండు ఆదివారాలుగా పూజలో కనబడడంలేదేమమ్మా?" అన్నాను. "నైట్ డ్యూటీలు ఫాదర్‌గారూ. పగలు పడుకొంటే నిద్ర పట్టడంలేదు. నెలయింది. ఊరకే ఏడుపు వస్తోంది" అంది. జపమాల చెప్పుకో, అదే పడుతుందన్నాను. తల ఊపింది. మెట్లు దిగుతూంటే తట్టింది: తొమ్మిదికి ఇల్లు చేరిన మనిషిని పదకొండుకు లేపింది నేనే గదా!

మనం ఉండేది ఆసుపత్రుల మధ్య. ఈఎస్ఐ, ఎర్రగడ్డ ఛాతీ ఆసుపత్రి, కొంచెం ముందుకు పోతే పంజాగుట్టలో నిమ్స్. మనం ఆఫీసులకు పోయేవేళకు ఎందరో అక్కచెల్లెళ్ళు టిఫిన్ డబ్బాతో ఇంటిదారి పడతారు. ఆ ఎండే వాళ్ళకు శత్రువు. వెలుగు కంటపడగానే తెల్లవారిందని మెదడు నిద్రను ఆపుతుంది. శరీరంలోని ఈ గడియారం పనితీరు కనుగొన్న ముగ్గురు శాస్త్రజ్ఞులకు 2017లో నోబెల్ బహుమతి వచ్చింది. అందుకే పగటి నిద్ర పొట్టిది, పలచనిది. శరీరం కాస్త సర్దుకొనేలోగా డ్యూటీ మారిపోతుంది. నెలల తరబడి ఇలా సాగితే మనసు కుంగకుండా ఉంటుందా?

ఇంట్లో మనమేం చేస్తున్నాం? పగలు పడుకొన్న కోడలికి బద్ధకమని పేరు. టీవీ మోగుతుంది, కుక్కర్ ఈల వేస్తుంది, గ్యాస్ బండవాడు పిలిస్తే ఆమే లేవాలి. మగవాడు రాత్రి పని చేసి వస్తే మాత్రం పిల్లలను గట్టిగా మాట్లాడనివ్వం. ఓ మందపాటి తెర, మధ్యాహ్నం దాకా ఇంటిల్లిపాది నిశ్శబ్దం, పిల్లల బడి పని భర్త చూసుకోవడం. వీటికి ఖర్చెంత?

జపమాల మానమని నేననడంలేదు. అది మందుకు బదులు కాదు. శిశు యేసు తెరేజమ్మగారు ప్రార్థనలో నిద్రపోయేదాన్నని తన ఆత్మకథలో దాచకుండా వ్రాసుకొన్నారు. పిల్లలు నిద్రపోయినా తల్లిదండ్రులకు ముద్దే అని సరిపెట్టుకొన్నారు.

ఇంకో మాట. హైదరాబాదులో ఎవరైనా తిక్కగా మాట్లాడితే "ఎర్రగడ్డకు పంపాలి" అని నవ్వుతాం. ఆ మానసిక ఆసుపత్రి పక్కనే బ్రతుకుతూ మనం కూడా అంటాం. ఆ నవ్వుకు భయపడే ఎందరో డాక్టరు గడప తొక్కరు. వారాల తరబడి నిద్ర లేకపోయినా, దేనిమీదా మనసు నిలవకపోయినా, చచ్చిపోవాలనిపించినా ఆలస్యం చేయకండి. 14416కు ఫోన్ చేయండి. 2022లో ప్రభుత్వం పెట్టిన టెలి మానస్ అది. ఉచితం. తెలుగులోనే మాట్లాడతారు.

పూజ సంగతి కూడా తేల్చేస్తాను. శనివారం సాయంత్రపు దివ్యపూజతో ఆదివారపు విధి తీరుతుంది. రోగుల సేవలో ఉండి అదీ కుదరకపోతే పాపం లేదు. ఆనాడే ఆమెకు ఈ మాట చెప్పవలసింది.

మొన్న ఆ ఇంటికి మళ్ళీ వెళ్ళాను, మధ్యాహ్నం మూడు దాటాక. తలుపుకు అట్టముక్క కట్టి ఉంది: "నైట్ డ్యూటీ. బెల్ కొట్టవద్దు." అత్తగారే మనవడిచేత వ్రాయించిందట. నా అడుగుల చప్పుడు విని తలుపు ఓరగా తీసి, పెదవులమీద వేలు పెట్టుకొని, "డాక్టరుకు చూపించామండీ. ఇప్పుడే పడుకొంది" అని గుసగుసగా చెప్పింది. సరేనమ్మా అని వచ్చేశాను.