పెదవికి తెలియని పీక

ఒంగోలు వైపు ఒక ఊళ్లో ఒక సన్నాయి విద్వాంసుడు ఉండేవాడు. చుట్టుపక్కల ఎక్కడ పెళ్లి కుదిరినా పురోహితుడి కన్నా ముందు ఆయనకే కబురు వెళ్లేది. కరవదిలో పుట్టి శ్రీరంగంలో స్థిరపడిన షేక్ చినమౌలానా రికార్డులు వింటూ పెరిగినవాడాయన. శిష్యులకు మొదటి పాఠంగా ఒక మాట చెప్పేవాడు: "ఏడు రంధ్రాలూ వేళ్లకు అప్పగించండి. గమకం మాత్రం పెదవి చూసుకోవాలి. పీకను ఎంత నొక్కాలో పెదవికే తెలియాలి. మీరు ఆలోచించేలోపు రాగం దాటిపోతుంది."

ఆయనకు పుట్టుకతోనే కింది దవడ చిన్నది, గడ్డం లోపలికి ఉండేది. నడివయసు వచ్చేసరికి గురక పట్టుకుంది. గురక వినిపించినంతసేపూ భార్య ధైర్యంగానే ఉండేది. అది ఆగిపోయినప్పుడే ఆవిడ ప్రాణాలు పైకి పోయేవి. ఛాతీ ఎగిరెగిరి పడుతుంది, గాలి మాత్రం లోపలికి పోదు. భుజం పట్టి కుదిపితే ఉక్కిరిబిక్కిరై ఊపిరి తీసుకుని మళ్లీ నిద్రలోకి జారేవాడు. తెల్లారితే ఆయనకేమీ గుర్తుండేది కాదు. పగలు బస్సులో నిద్ర, విస్తరి ముందు నిద్ర. ఒకసారి పెళ్లిపందిట్లో పురోహితుడు సంకల్పం చెబుతుండగా, సన్నాయి ఒళ్లో పెట్టుకునే కునికాడు. బీపీ మాత్రలు ఒకటి రెండయ్యాయి.

కొడుకు పట్నం తీసుకెళ్లి నిద్ర పరీక్ష చేయించాడు. గంటకు 52 సార్లు ఊపిరి ఆగడమో సన్నగిల్లడమో జరుగుతోందని తేలింది. ఆ లెక్క 30 దగ్గరే స్లీప్ ఆప్నియాను తీవ్రమైనదంటారు. ముందు సీప్యాప్ మిషన్ ఇచ్చారు. మాస్క్ పెట్టుకుని పడుకుంటే అది గాలిని ఒత్తిడితో పంపి, గొంతు మూసుకుపోకుండా చూస్తుంది. తెచ్చిచ్చిన కుర్రాడు స్విచ్ చూపించి వెళ్లిపోయాడు. మాస్క్ అంచుల్లోంచి గాలి లీకై కళ్లలోకి కొట్టేది, గొంతు ఎండిపోయేది. మాస్కుల్లో వేరే రకాలున్నాయనీ, గాలికి తేమ కలిపే ఏర్పాటు ఉంటుందనీ, ఒత్తిడి సవరించుకోవచ్చనీ ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. కొన్నాళ్లకు మిషన్ అటకెక్కింది.

అప్పుడు దవడ ఆపరేషన్ మాట వచ్చింది. పై దవడనూ కింది దవడనూ కోసి, సెంటీమీటరు దాకా ముందుకు జరిపి, టైటానియం ప్లేట్లూ స్క్రూలతో బిగిస్తారు. దవడలతో పాటు నాలుక, మెత్తటి అంగిలి ముందుకొచ్చి గొంతులో గాలికి చోటు పెరుగుతుంది. సర్జన్ మంచివాడు, చెయ్యి తిరిగినవాడు. పుర్రె బొమ్మ పెట్టుకుని ఓపికగా అన్నీ వివరించాడు. "కింది పెదవి మొద్దుబారుతుంది. చాలామందికి నెలల్లో తగ్గిపోతుంది, కొందరికి కొంత మిగిలిపోవచ్చు" అని కూడా చెప్పాడు. విద్వాంసుడు తలూపాడు. ఊపిరే ఆగిపోతున్న మనిషికి పెదవి తిమ్మిరి ఒక లెక్కా అనిపించింది. ఆసుపత్రి ఫారంలో వృత్తి అన్నచోట కొడుకు "ప్రైవేటు" అని రాశాడు. సర్జన్ ఆ గడి చూడలేదు. చూసినా ఆయనకేమీ తెలిసేది కాదు.

ఆపరేషన్ బాగా జరిగింది. వారాల తరబడి రాగిజావ, పలచటి మజ్జిగ, పళ్లరసం. వాపు దిగాక చుట్టాలు వచ్చి, గడ్డం తీరుగా వచ్చిందనీ వయసు తగ్గినట్టుందనీ మెచ్చుకున్నారు. అద్దంలో మనిషిని తనేనని ఒప్పుకోవడానికి ఆయనకు మాత్రం కొంతకాలం పట్టింది. మళ్లీ పరీక్ష చేస్తే 52 కాస్తా 7 అయింది. ఎన్నో ఏళ్ల తర్వాత ఆయన భార్య తెల్లవార్లూ నిద్రపోయింది.

డాక్టరు సరేనన్నాక సన్నాయి తీశాడు. పీక పెదవుల మధ్య పెట్టుకున్నాడు. పై పెదవికి తెలిసింది. కింది పెదవిలో కుడివైపు తెలిసింది. ఎడమవైపు పీక ఆనిందో లేదో వేలితో తడిమి చూసుకోవాల్సి వచ్చింది. ఊదితే ఆ పక్క నుంచి గాలి జారిపోయింది, చొంగ కారింది. ఏడాది దాటినా అంతే. స్వరాలు పలికేవి. ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి ఊగుతూ వెళ్లే ఆయన తోడి రాగం మాత్రం తిరిగి రాలేదు. ఒక పెళ్లిలో మాంగల్యధారణ వేళ గట్టిమేళం అందుకోబోతే పీక పక్కకు జారి నాదం తెగిపోయింది. వెనక కూర్చున్న శిష్యుడు అందుకున్నాడు.

ఆ రాత్రి భార్యతో అన్నాడు: "చేయించుకోకుండా ఉండాల్సింది."

ఆవిడ భగ్గుమంది. "ఏమండీ, ఆ రాత్రుళ్లు మీరు నిద్రపోయారు. చూసింది నేను. ఎన్నిసార్లు మీ ముక్కు దగ్గర వేలు పెట్టి చూశానో మీకేం తెలుసు?"

కొడుకు "ప్రాణం దక్కింది కదా నాన్నా, ఇంకేం కావాలి?" అన్నాడు. సర్జన్ రిపోర్టు చూసి ఇంతకన్నా మంచి ఫలితం ఉండదన్నాడు. ఆయన ఇక ఆ మాట ఎత్తలేదు. సన్నాయినీ గుడ్డ సంచిలోంచి తీయలేదు. శిష్యులు వచ్చి అరుగు మీద కూర్చుని వెళ్లిపోయేవారు.

చివరికి డోలు వాయించే బావమరిది వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. "బావా, నువ్వు బతికున్నావు, నాకు సంతోషం. నీ తోడి పోయింది, నాకు ఏడుపొస్తోంది. ఒకదాని కోసం ఇంకోదాన్ని దాచుకోమని నీకెవరు చెప్పారు? ఆ సన్నాయి పట్టుకుని పద."

ఇద్దరూ సర్జన్ దగ్గరికి వెళ్లారు. విద్వాంసుడు మాట్లాడకుండా పీక తీసి ఆయన చేతిలో పెట్టాడు. గడ్డి కాడతో చేసిన ఆ చిన్న వస్తువును సర్జన్ అటూ ఇటూ తిప్పి చూశాడు.

"దీన్ని ఈ పెదవితోనే పట్టుకునేవారా?"

"నలభై ఏళ్లుగా, అయ్యా."

సర్జన్ కాసేపు ఆగి అన్నాడు: "నేను ముందే అడగాల్సింది. అడిగి ఉంటే మిమ్మల్ని మళ్లీ ఆ మాస్క్ దగ్గరికే పంపేవాణ్ణి, అది అమరేదాకా నా మనుషులు మీ వెంట ఉండేవారు. అప్పటికీ కుదరకపోతే, ఏం పోవచ్చో తెలిసే మీరు సంతకం పెట్టేవారు."

పెదవి బాగుపడలేదు. కానీ ఆ రాత్రి భార్యాభర్తలు చాలాసేపు మాట్లాడుకున్నారు. తన పెదవి గురించి ఆయన, తన రాత్రుళ్ల గురించి ఆవిడ. మర్నాడు అరుగు మీద పాఠం మొదలైంది. ఆయన నోటితో పాడి చెబుతుంటే శిష్యులు ఊదారు. సర్జన్ తన ఫారంలో కొత్త గడి ఒకటి చేర్పించాడు: నోటితో మీరు చేసే పని ఏమిటి?

ఈ కథ నీతి ఇది. సులువుగా వెనక్కి తిప్పలేని పనికి ఒప్పుకునే ముందు దక్కేదాన్ని ఎంత శ్రద్ధగా లెక్కిస్తామో, పోయేదాన్నీ అంత శ్రద్ధగా లెక్కించాలి. ఆ రెండో లెక్క డాక్టరు ఒక్కడి వల్ల కాదు. రోగి చెప్పాలి, డాక్టరు అడగాలి, ఇంటివాళ్లు వినాలి.

ఆపరేషన్‌ను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. స్లీప్ ఆప్నియాకు చేసే శస్త్రచికిత్సల్లో ఇంత బలంగా పనిచేసేవి తక్కువ. 45 అధ్యయనాలను కలిపి చూసిన ఒక విశ్లేషణ 2016లో అమెరికా వైద్య పత్రికలో వచ్చింది. అందులో ఊపిరి ఆటంకాలు సగటున గంటకు 57 నుంచి 10 లోపుకు దిగాయి. నూటికి 85 మందికి ఆపరేషన్ ఫలించిందని తేల్చారు. గంటకు 5 లోపుకు వచ్చి, జబ్బు పూర్తిగా నయమైందనదగినవాళ్లు మాత్రం నూటికి 40 మందికి లోపే. మాస్క్ ఎంత ప్రయత్నించినా అమరనివాళ్లకు, దవడ ఎముకే చిన్నదైనవాళ్లకు ఇది ప్రాణం నిలబెట్టే వైద్యం. కానీ ఆ అంకెలన్నీ ఊపిరిని లెక్కపెట్టినవి. పెదవి స్పర్శ, పళ్లు ఒకదానిపై ఒకటి కూర్చునే తీరు, అద్దంలో ముఖం ఆ లెక్కలోకి రావు.

కింది దవడను నిలువునా చీల్చే చోట, ఎముక లోపలి కాలువలోంచి ఒక నరం వెళ్తుంది. కింది పెదవికీ గడ్డానికీ స్పర్శ ఇచ్చేది అదే. ఎంత నేర్పుగా చేసినా అది సాగుతుంది, నలుగుతుంది. వయసు మీరినకొద్దీ అది కోలుకునే అవకాశం తగ్గుతుంది. లెక్కలు రాసుకునే మనిషి ఆ తిమ్మిరిని మరిచిపోయి బతకగలడేమో. ఊదేవాడికి, పాడేవాడికి, రోజంతా పాఠం చెప్పేవాడికి ఆ స్పర్శే బతుకుతెరువు.

ఇంటివాళ్లతో ఒక మాట. ఆపరేషన్ తర్వాత మీ మనిషి బాధపడుతుంటే "ప్రాణం దక్కింది కదా" అని నోరు మూయించకండి. బతికినందుకు సంతోషం, పోయినదానికి దుఃఖం ఒకే మనిషిలో ఉంటాయి. రెండో దాన్ని అణచేస్తే మొదటిదీ మిగలదు. ఆ విద్వాంసుడి ఇంట్లో జరిగింది అదే.

మీ ఇంట్లో ఎవరికైనా ఈ ఆపరేషన్ చెప్పి ఉంటే ముందు అటక మీది మిషన్ దించండి. వేరే మాస్క్ అడగండి, ఒత్తిడి సరిచేయించండి, కొన్ని వారాలు గడువు ఇవ్వండి. అప్పటికీ కుదరక సర్జన్ దగ్గరికి వెళ్తే మీ పని ఏమిటో, నోటితో ఏం చేస్తారో విడమరిచి చెప్పండి. ఆయన స్వయంగా ఆపరేషన్ చేసిన మీ వయసువాళ్లలో ఏడాది తర్వాత కూడా ఎంతమందికి పెదవి మొద్దుబారి ఉందో అడగండి. వీలైతే వాళ్లలో ఒకరితో మాట్లాడించమనండి. ఆ జవాబులు విన్నాకే సంతకం పెట్టండి.