మెఫీబోషెతు ఎక్కలేకపోయిన గాడిద

వాక్యభాగము: 2 సమూయేలు 9:1-13, 19:24-30



మెఫీబోషెతును గూర్చిన ప్రసంగములు మనము చాలా వినియున్నాము. అయిదేండ్ల ప్రాయమున దాది చేతిలోనుండి పడి కాళ్లు పోగొట్టుకొన్నవానిని దావీదు రాజు పిలిపించి తన బల్లయొద్ద కూర్చుండబెట్టెను. మేమును ఈ భాగమునుండి కృపను గూర్చి ఎన్నోసార్లు బోధించితిమి. అయితే 19వ అధ్యాయము వరకు వెళ్లినవారము కాము. దావీదు పట్టణము విడిచి పారిపోయిన దినమున అతడు రాజుతోకూడ వెళ్లగోరెను. గాడిదకు గంత కట్టువారు లేకపోయిరి. సేవకుడైన సీబా అతనిని విడిచి వెళ్లి రాజునొద్ద కొండెములు చెప్పెను. చూడుడి, మెఫీబోషెతు పసివాడు కాడు, మీకా అను కుమారుడు గలవాడు. భోజనమునకు కొదువ లేదు. గాడిదనెక్కుటకు మాత్రము ఒకని చేయి కావలసియుండెను.

మన సంఘములోని 19 ఏండ్ల యువకుని ఇంటికి వెళ్లినప్పుడు ఈ మాట మాకు తగిలెను. అతనికి పుట్టుకనుండి సెరిబ్రల్ పాల్సీ. తల్లి అన్నము కలిపి ముద్దలు పెట్టుచుండెను. "నా చెయ్యి ఆడినన్నాళ్లు పెడతాను. ఆ తర్వాత వీడికి ఎవరు అయ్యగారూ?" అని అడిగెను. మేము ప్రార్థన చేసి వచ్చితిమి. జవాబు చెప్పలేదు.

కొన్ని వారములకు వారితోకూడ ఆసుపత్రికి, ఆక్యుపేషనల్ థెరపిస్టు యొద్దకు వెళ్లితిమి. ఆమె తల్లిని కాదు, అతనినే అడిగెను: "నీ అంతట నువ్వు ఏ పని చేసుకోవాలని ఉంది?" ఇన్నేండ్లలో మనలో ఒక్కరమైనను ఆ ప్రశ్న వేయలేదు. "చొక్కా" అనెను.

ఈ వైద్యము ఒక పనిని చిన్న చిన్న మెట్లుగా విడదీసి నేర్పును. తొడుగునప్పుడు బలము తక్కువైన చేయి ముందు, విప్పునప్పుడు అది చివర. బొత్తాములకు మారుగా వెల్‌క్రో. చెంచా పిడికి గుడ్డ చుట్టి లావు చేయుదురు, పళ్లెము జారకుండ క్రింద తడిగుడ్డ వేయుదురు. తరువాత చిల్లర లెక్క, బస్సు ఎక్కుట. తల్లికిచ్చిన పని ఒక్కటే, చేయి పెట్టక కూర్చుండుట. అదే అందరికంటె కష్టమైన పాఠమని మాకు తోచెను.

ఇది మన దేశమునకు క్రొత్త విద్య కాదు. 1950లోనే బొంబాయి కె.ఇ.ఎం. ఆసుపత్రిలో కమలా నింబ్కర్ గారు దీనికి శిక్షణాలయము ప్రారంభించిరి. వేలూరు డాక్టరు మేరీ వర్గీసు గారిని మన పెద్దలు ఎరుగుదురు. 1954లో ప్రమాదమువలన నడుము క్రింద చచ్చుబడినను, చక్రాల కుర్చీలో కూర్చుండియే కుష్ఠు వ్యాధిగ్రస్తుల చేతులకు శస్త్రచికిత్సలు చేసిరి. 1966లో అచ్చట తెరవబడిన పునరావాస కేంద్రము ఆమె ప్రయాస ఫలమే.

తలిదండ్రులారా, 18 ఏండ్లు నిండువరకు ఆగకుడి. 2016 చట్టము 40 శాతము లేక అంతకు మించిన వైకల్యముగల పిల్లలకిచ్చు ఉచిత విద్య ఆ వయస్సుతో ముగియును. 14, 15 ఏండ్లకే థెరపిస్టును కలిసికొనుడి. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యము గలవారికి 18 దాటిన పిమ్మట సంరక్షకుడు అవసరమైనచో, 1999 నేషనల్ ట్రస్టు చట్టము క్రింద జిల్లాలోని స్థానిక కమిటీకి దరఖాస్తు పెట్టవలెను. తలిదండ్రులమైనంత మాత్రాన చాలదు.

సంఘముగా మన సంగతి ఏమి? మీసములు వచ్చినవానిని ఇంకను "బాబూ" అని తల నిమిరి, ముందు బల్లమీద కూర్చుండబెట్టి పంపుచుంటిమి. ఇప్పుడు కానుకల సంచికి మెడలో వేసికొను పట్టీ కుట్టించితిమి. మొదటి ఆదివారము రెండు వరుసలకే అతడు అలసెను. కీర్తన అయిపోయెను, హార్మోనియము వాయించు అన్నగారు పల్లవి మరల ఎత్తుకొనిరి. మొన్నటి ఆదివారమునకు అయిదు వరుసలు దాటెను. వెనుక వరుసలవారు కొంచెము ఓపిక పట్టుడి, మీయొద్దకును వచ్చుచున్నాడు.