గురువుల జాబితాలో వేటగాడు

భాగవతం ఏకాదశ స్కంధంలో అవధూత తన గురువులెవరో యదు మహారాజుకు చెబుతాడు. మొత్తం 24 మంది. నేల, గాలి, పావురం, కొండచిలువ, తేనెటీగ, సాలెపురుగు, బాణాలు చేసే పనివాడు, పింగళ అనే వేశ్య. పీఠమెక్కినవాడు ఒక్కడూ లేడు. పైగా వాళ్లెవరూ ఆయన్ను శిష్యుడిగా చేర్చుకోలేదు. నా బుద్ధితో నేనే ఎంచుకున్నానంటాడు.

కడప జిల్లాలో తెలుగు పంతులుగా ఈ కథ ఏళ్లతరబడి చెప్పాను. పదో తరగతి పిల్లలకు 'రేపు ఏం చదవాలి' అని సభ పెట్టినప్పుడల్లా ఇదే గుర్తొచ్చేది. ఆ సభలకు డాక్టర్నో ఇంజినీరునో పిలుస్తాం. అడవినీ అందులోని ప్రాణుల్నీ కాపాడటం కూడా ఒక బతుకుదెరువేనని చెప్పడానికి ఎవర్నీ పిలవం. పిలిచినా యూనిఫాం వేసుకున్న అధికారినే. ఒక విద్యకు గురువయ్యే అర్హత ఎవరిది అన్న పాత ప్రశ్న ఇక్కడే మళ్లీ లేస్తుంది.

జవాబు మా జిల్లాలోనే ఉంది. కలివికోడి అనే పిట్టను జెర్డాన్ అనే ఆంగ్లేయుడు 19వ శతాబ్దంలో లోకానికి చూపించాడు. 1900 తర్వాత అది శాస్త్రవేత్తల కంట పడలేదు. అంతరించిపోయిందనే అనుకున్నారు. 1986 జనవరిలో లంకమల అడవి అంచున మళ్లీ దొరికింది. వెతుకుతున్నది బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పరిశోధకుడు భరత్ భూషణ్. పట్టింది మాత్రం ఐతన్న అనే ఇక్కడి వేటగాడు, రాత్రిపూట, టార్చి వెలుగులో. అది రాత్రి తిరిగే పిట్ట అని శాస్త్రానికి తెలిసింది అలాగే. కబురందాక 89 ఏళ్ల పక్షిశాస్త్రవేత్త సలీం అలీ కడప దాకా వచ్చారు. పట్టిన పిట్ట బతకలేదు గానీ, దాని జాతి కోసం అభయారణ్యం ఏర్పడింది. ఆ తర్వాత తెలుగుగంగ కాలువ దారి కూడా మార్చారు.

ఆ పిట్టను వెతికే తీరు పిల్లలకు నేల మీదే చూపించేవాణ్ణి. పొదల మధ్య మెత్తటి మట్టి జల్లించి, బారుగా పట్టీలా పరుస్తారు. తెల్లారి దాని పక్కన గొంతుకూర్చుని అడుగులు చదువుతారు. కలివికోడికి ముందుకు మూడు వేళ్లే, వెనక వేలు లేదు. గాలి రేగకముందే చూడాలి, లేకపోతే అచ్చు చెరిగిపోతుంది. చూడటానికి చిన్న పని. కానీ అవధూత చెప్పిన బాణాల పనివాడికి ఎదుట రాజు ఊరేగింపు పోయినా తెలియలేదట, ఆ ఏకాగ్రత కావాలి దీనికి.

ఈ కథ చెప్పిన రోజు ఒక అమ్మాయి బెంచీ వదిలి నా దగ్గరికొచ్చి మెల్లగా అడిగింది: "సార్, మా నాయన కూడా రాత్రిళ్లు కౌజుల్ని పడతాడు. ఆయన చేసేది పాపమా సార్?"

భారతంలో ధర్మవ్యాధుడి కథ ఉండనే ఉంది. తపస్సు చేసిన కౌశికుడు ధర్మం తెలుసుకోవడానికి మిథిలలో మాంసం అమ్మేవాడి దగ్గరికి వెళ్లాడు. ఆ బలంతోనే అన్నాను: "మీ నాయనకు తెలిసింది విద్యేనమ్మా. దాన్ని దేనికి వాడతామన్నదే పాపమూ పుణ్యమూ." తమిళనాడులో పాములు పట్టే ఇరుళల సంగతి కూడా చెప్పాను. పాముల చర్మాల వ్యాపారం ఆగిపోయాక, 1978లో వాళ్లు సహకార సంఘం పెట్టుకున్నారు. అదే చేత్తో పాముని పట్టి, విషం తీసి, మళ్లీ అడవిలో వదులుతారు. పాముకాటు మందుకు ఆ విషమే ముడిసరుకు. వాళ్లలో మాసి సడైయన్, వడివేల్ గోపాల్ కొండచిలువల్ని పట్టడానికి ఫ్లోరిడా దాకా వెళ్లారు, 2023లో పద్మశ్రీ అందుకున్నారు.

అయితే ధర్మవ్యాధుడి కథలో నాకు మింగుడుపడనిది ఒకటుంది. ఆయన తన కులవృత్తిలోనే ఉండిపోయాడు, దాన్నే ధర్మమన్నాడు. ఆ మాట ఇవాళ బడిలో చెప్పలేను. నల్లమలలో పులుల కాపలాకు చెంచుల్ని వాచర్లుగా పెట్టుకోవడం మంచిదే. కానీ చెంచుపిల్లకు వాచరు పని, పట్నం పిల్లకు సైంటిస్టు కొలువు అని ముందే పంచిపెడితే అది పాత వర్ణవ్యవస్థే. హైదరాబాద్ అత్తాపూర్‌లో సీసీఎంబీ వారి లాకోన్స్ అనే ప్రయోగశాల ఉంది. పట్టుబడిన మాంసం ముక్క ఏ జంతువుదో డీఎన్ఏ చూసి అక్కడ తేలుస్తారు. కౌజులు పట్టేవాడి కూతురు ఆ బల్ల ముందు కూర్చోవచ్చని కూడా అదే గుక్కలో చెప్పాలి.

అందుకే ఒక్క గురువు చాలడు. తనలాంటి మనిషి కనిపిస్తే పిల్లకు ధైర్యం వస్తుంది, 'నాకూ తలుపు తెరిచే ఉంది' అని. తనలా లేని మనిషి కనిపిస్తే చూపు పెరుగుతుంది. అస్సాంలో పూర్ణిమాదేవి బర్మన్ రెండోరకం గురువు మా పిల్లలకు. హర్‌గిలా అనే పెద్ద కొంగను ఊళ్లో అపశకునమని, మురికిదని అసహ్యించుకునేవారు. గూళ్లున్న చెట్లు నరికేసేవారు. ఆమె పీహెచ్‌డీ కొన్నాళ్లు పక్కనపెట్టి ఊరి ఆడవాళ్లను కూడగట్టింది. కొంగలు గూళ్లు కట్టే కాలంలో సీమంతం లాంటి వేడుక చేయించింది. చీరల మీద ఆ కొంగ బొమ్మ నేయించింది. శాస్త్రవేత్తగా వెళ్లి, అపశకునాన్ని పేరంటంతోనే ఎదుర్కొంది. 2022లో ఐక్యరాజ్యసమితి పర్యావరణ పురస్కారం ఆమెకు దక్కింది.

పిల్లల సభకు ఈసారి అధికారితోపాటు వాచర్నీ పిలవండి, ఇద్దరికీ ఒకే రకం కుర్చీ వేయండి. అంతటితో సరిపోదు. నిషాదుల పిల్లవాడైన ఏకలవ్యుడి దగ్గర దక్షిణగా బొటనవేలు తీసుకున్న కథ మనది. ఇప్పుడు నేర్చుకునేది మనం, నేర్పేది అడవివాళ్లు. దక్షిణ ఇవ్వాల్సింది మనమే. వాచరుకు నెలనెలా తప్పని జీతం, బీమా, పై మెట్టెక్కే అవకాశం, అదీ దక్షిణ. అది ఇవ్వకుండా పిల్లల్ని ఈ దారిలో నడవమని చెప్పే హక్కు మనకు లేదు.