మందరం కింద వీపు

శ్రీకాకుళంలో ఒంట్లో బాగాలేదంటే ముందు గుర్తొచ్చే గుడి అరసవల్లి. మాఘమాసం ఆదివారాల్లో పిడకల మీద క్షీరాన్నం వండి మొక్కు చెల్లించుకునే ఆడవాళ్లతో ఆ ఆవరణ నిండిపోతుంది. ఇంట్లో ఒకామె రొమ్ములో గడ్డ క్యాన్సరేనని తేలినవాళ్లూ అక్కడి సూర్యనారాయణుడి దగ్గరికే వస్తారు. రావాలి కూడా. కానీ ఆ తర్వాత నెలల తరబడి సాగే చికిత్సలో ఆమె పక్కన నిలబడాల్సిన మనిషికి దారి చూపే స్వామి ఇంకాస్త దూరంలో, శ్రీకూర్మంలో ఉన్నాడని నాకనిపిస్తుంది.

క్షీరసాగరాన్ని చిలుకుతుంటే కింద ఆధారం లేక మందరగిరి మునిగిపోయింది. విష్ణువు తాబేలై వీపు ఒడ్డాడు. ఆ కూర్మావతారంలో ఆయన చేసిన పని మొయ్యడమే. చిలికేవాళ్లు పైకి కనిపిస్తారు, మోసేవాడు నీళ్ల అడుగున ఉంటాడు. పైగా ముందు వచ్చింది అమృతం కాదు, హాలాహలం. అప్పుడూ ఆ వీపు కదల్లేదు. రోగి పక్కన నిలబడే మనిషి పనీ అదే.

మన జిల్లా నుంచి కీమోకి చాలామంది విశాఖ వెళ్తారు. కొందరు కేజీహెచ్‌కి, కొందరు టాటా మెమోరియల్ సెంటర్ నడిపే అగనంపూడి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రికి. అగనంపూడి వెళ్లాలంటే నగరమంతా దాటాలి. చీకటితోనే బయల్దేరడం, రక్తపరీక్ష, రిపోర్టు కోసం కూర్చోవడం, ఎన్టీఆర్ వైద్య సేవ కాగితాలు, ఆ తర్వాత సెలైన్. అందరూ భయంభయంగా చెప్పుకునే ‘ఎర్ర మందు’ డాక్సోరూబిసిన్. అది ఎక్కిన రోజు మూత్రం కూడా ఎర్రగా వస్తుంది. అది రక్తం కాదు, మందు రంగేనని ముందే చెప్పేవాళ్లు పక్కనుంటే ఆ రాత్రి సగం భయం పోతుంది.

రెండు మూడు వారాలకి జుట్టు రాలుతుంది. మన వైపు గుండు కనిపిస్తే ‘సింహాచలం మొక్కా?’ అని అడుగుతారు. అవునని తలూపాలో, ఉన్నమాట చెప్పాలో ఆమె ఇష్టం. మనం అడ్డొచ్చి జవాబు చెప్పకూడదు.

నోట్లో పుళ్లు, నాలుక మీద ఇనప రుచి. పొద్దున అడిగి కాయించుకున్న చోడి అంబలి మధ్యాహ్నానికి వాసనే పడదు. చెల్లెలు ఆ గ్లాసు మారుమాట లేకుండా తీసేసి, “అప్పా, మరేటి తాగుతావు? గంజి తెమ్మంటావా?” అని అడుగుతుందే, అది ఏ పూజకీ తక్కువ కాదు. అయితే జ్వరం 100.4 డిగ్రీలకు చేరితే మాత్రం తెల్లారేదాకా ఆగొద్దు. తెల్లకణాలు పడిపోయిన ఒంట్లో ఇన్‌ఫెక్షన్ గంటల్లో ముదురుతుంది. నుదుట విభూతి పెడుతూనే ఆటోని పిలవండి.

ఒక మాట కఠినంగానే అంటాను. పరామర్శకొచ్చి ‘ఏ జన్మలో ఏం చేసుకుందో’ అనడం భక్తి కాదు. కర్మ గురించి పెద్దలు చెప్పింది మన నడవడి మనం దిద్దుకోవడానికి, మంచాన ఉన్న మనిషి మీద తీర్పు చెప్పడానికి కాదు. క్యాన్సర్ అంటువ్యాధి కాదు, ఆమె కంచం వేరు పెట్టక్కర్లేదు. బయటికి చెప్పుకోడానికే సిగ్గుపడే ఈ జబ్బు మీద పోరాటానికి ఒక తల్లి పేరే గుర్తుగా నిలిచింది. హైదరాబాద్ సర్జన్ డాక్టర్ పి. రఘురామ్, రొమ్ము క్యాన్సర్‌కి చికిత్స పొందిన తన తల్లి పేరిట 2007లో ఉషాలక్ష్మి బ్రెస్ట్ క్యాన్సర్ ఫౌండేషన్ స్థాపించారు.

కూర్మానికి అలుపు లేకపోవచ్చు, మనుషులకి ఉంటుంది. మన ఊళ్లలో మగవాళ్లు వలసపోయిన ఇళ్లెన్నో. అలాంటి ఇంట్లో మోతంతా ఇంటర్ చదివే కూతురి మీద పడుతుంది. కీమోతో అయిపోదు. రేడియేషన్ పెడితే వారానికి 5 రోజుల చొప్పున కొన్ని వారాలు తిరగాలి. హార్మోన్ మాత్రలు అవసరమైనవాళ్లు కనీసం 5 ఏళ్లు మింగాలి. పళ్లు పట్టుకొచ్చే చుట్టాలేమో మొదటి నెలతోనే తగ్గిపోతారు. ఆ ఇంటికి వెళ్లినప్పుడు తల్లిని పలకరించాక వంటింట్లోకీ తొంగిచూడండి. “ఈసారి కీమోకి అమ్మని నేను తీసుకెళ్తానమ్మా, నువ్వు కాలేజీకి వెళ్లు” అని ఆ పిల్లతో చెప్పండి.