నీటిలోని నీడ

చదువవలసిన భాగములు: సామెతలు 27:19, మత్తయి 5:23, 24



మన నైజాం ప్రాంతమున ఛాయాచిత్రములకు పేరుపొందినవాడు రాజా దీన్ దయాళ్. అతడు 1844లో మీరట్ దగ్గరనున్న సర్ధనాలో పుట్టి, రూర్కీలో ఇంజనీరు చదువు చదివి, పిమ్మట ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ కొలువున చేరి, సికిందరాబాదులో స్టూడియో నడిపెను. 1905లో మరణించెను. ఆ కాలమున పటము తీయుట నేటివలె సెల్‌ఫోను పైకెత్తినంత సులువు కాదు. పెట్టెవంటి కెమేరాను ముక్కాలిపీటపై నిలిపి, నల్లగుడ్డ క్రింద తల దూర్చి, వంగి చూడవలెను. తొలినాటి గాజుపలకలకు కొన్ని సెకనులైనను వెలుగు తగులవలెను. అంతలో గాలి వీచి చెరువు కదలెనా, నీటిలోని నీడ చెదరిపోవును. పలకపై మసక మాత్రమే మిగులును.

ఇంకొక వింత గలదు. ఆ కెమేరా వెనుకనున్న గరుకుగాజుపై లోకమంతయు తలక్రిందుగా అగుపడును. గట్టుమీది తాటిచెట్టు తలక్రిందై, నీటిలోని దాని నీడ నిటారుగా నిలుచును! ఎరుగనివాడు నీడనే చెట్టనుకొనును.

మేమును అట్లే అనుకొంటిమి. కోతపండుగనాడు మన సంఘములోని ఒక సహోదరుడు ఆరాధనకు రాలేదు, కానుకయు పంపలేదు. అంతకుముందు పాకకు కప్పు వేయించు విషయమై అతనికిని మాకును మాట పట్టింపు వచ్చియుండెను. ఆ కోపముననే మానుకొనెనని తలంచి, ఆ దినపు ప్రసంగములో పేరు చెప్పకుండ అతనినే పొడిచితిమి. విన్నవారందరికి తెలిసెను. కోపము మాలోనిది, దానిని అతని ముఖమున చూచితిమి. అతడు ఆ వారమంతయు పట్టణపు ఆసుపత్రిలో భార్య మంచము ప్రక్కన కూర్చుండెనని తరువాత వింటిమి.

సామెతల గ్రంథకర్త మనుష్యుల హృదయములనుగూర్చి చెప్పుచు అద్దమును గాక నీటిని చూపెను. అద్దము గోడకు వ్రేలాడును, నిలువుననే చూచుకొనవచ్చును. నీటిలో ముఖము చూచుకొనగోరువాడు వంగవలెను, కదలక నిలువవలెను. కాపరికిది మరింత కష్టము. ప్రసంగపీఠము ఎత్తున నుండును గదా.

ప్రభురాత్రి భోజనపు ఆదివారము దగ్గరపడెను. బలిపీఠమునొద్ద అర్పణము విడిచి మొదట సహోదరునితో సమాధానపడుమని ప్రభువు చెప్పిన మాట ఇతరులకు ఎన్ని మారులు బోధించితిమో! శనివారము ప్రొద్దుగూకువేళ, పాలకుర్తి చెరువుగట్టు మీదుగా అతని యింటికి నడిచితిమి. వాకిట నిలిచి, తప్పు మాదని చెప్పితిమి. అతడు చాలసేపు మాటలాడలేదు. తుదకు మంచము వాల్చి, చెంబుతో నీళ్లు తెచ్చి మా చేతికిచ్చెను.